ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: రక్తపింజర కాటేస్తే రక్తం ఎందుకు గడ్డకట్టదు?

ప్రశ్న: పొలంలో రక్తపింజర కాటేసిన రైతును ఆసుపత్రికి తీసుకెళ్తే, రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు పక్కన పెట్టారు. విరుగుడు ఇంజెక్షన్ వెంటనే ఎందుకు ఇవ్వలేదు?

జవాబు: ఆ ఇరవై నిమిషాలు వృథా కావు. శుభ్రమైన, తడి లేని గొట్టంలో సుమారు 2 మిల్లీలీటర్ల రక్తం పోసి కదపకుండా ఉంచుతారు. తర్వాత ఒంపి చూస్తారు. గడ్డకడితే కదలదు, ఇంకా జారుతుంటే విషం రక్తంలోకి ఎక్కినట్టే. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగినదైనా ఫలితం తప్పుతుంది.

కాటు పడిన ప్రతిసారీ విషం ఎక్కదు. విరుగుడు మందును గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు కాబట్టి కొందరికి తీవ్రమైన అలర్జీ రావచ్చు. అందుకే విషం ఎక్కిన ఆనవాలు చూసి ఇస్తారు. అయితే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే పరీక్ష కోసం ఆగరు.

ప్రశ్న: ఈ విషం రక్తాన్ని పలుచన చేస్తుందా?

జవాబు: మొదట జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. రక్తపింజర విషంలోని రెండు ఎంజైములు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఐదో, పదో కారకాలను ఒక్కసారిగా పురిగొల్పుతాయి. గాయమే లేని చోట కూడా గడ్డకట్టే పని మొదలై, అందుకు కావలసిన ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. నిల్వ అడుగంటాక చిన్న గీత పడినా రక్తం ఆగదు.

దానికి తోడు విషంలోని మెటల్లోప్రొటీనేజులు అనే ఎంజైములు రక్తనాళాల గోడలను కొరికేస్తాయి. ఫాస్ఫోలిపేజ్ కణాల పొరలను ఛేదిస్తుంది. హయలురోనిడేజ్ కణజాలాన్ని సడలించి విషం పాకేందుకు దారి ఇస్తుంది. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లేవారున్నారు.

విరుగుడు మందు విషాన్ని అడ్డుకుంటుంది గానీ ఖర్చయిన కారకాలను తిరిగి పూడ్చలేదు. వాటిని కాలేయమే కొత్తగా తయారుచేసుకోవాలి. అందుకే ఆరేసి గంటలకు పరీక్ష మళ్లీ చేస్తారు.

ప్రశ్న: ఇదే విషం వైద్యానికి పనికొస్తుందంటారు, నిజమేనా?

జవాబు: నిజమే. 1934లో లండన్‌లో మాక్‌ఫార్లేన్ అనే వైద్యుడు హీమోఫిలియా రోగుల రక్తస్రావాన్ని ఆపేందుకు ఈ విషాన్నే పూతగా వాడి చూశారు. పదేపదే గర్భస్రావమయ్యే స్త్రీలలో కారణం వెతికే ఒక రక్తపరీక్షలో నేటికీ పలచన చేసిన రక్తపింజర విషమే వాడుతున్నారు.

ప్రశ్న: కట్లపాము కాటుకూ ఆ ఇరవై నిమిషాల పరీక్షే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. దాని విషంలోని ఫాస్ఫోలిపేజ్ నరాల కొసలను దెబ్బతీస్తుంది, రక్తాన్ని కాదు. రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కాటు చోట నొప్పి, వాపు దాదాపు ఉండవు. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఊపిరి ఆగేలోపే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

ఏ పాము కరిచినా కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటుపడిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచండి. మంత్రగాడి దగ్గరికి కాకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.