టైపు మిషను కచేరి

రుద్రవరం నుంచి ఆళ్లగడ్డ వెళ్లి టైపు నేర్చుకున్నాను. లోయరు రెండుసార్లు తప్పాను. "వేగం కాదురా, లయ చూసుకో" అనేవారు మేష్టారు. ఆ మాట అర్థమైంది చాలా ఏళ్లకు, ఒక అమెరికన్ రికార్డు విన్నప్పుడు.

లీరాయ్ ఆండర్సన్ 1950లో 'ది టైప్‌రైటర్' రచించి, వాద్యబృందంలో టైపు మిషన్నే ఒక వాద్యంగా కూర్చోబెట్టాడు. 1953లో రికార్డు చేశాడు. కడ్డీలు చిక్కుపడకుండా రెండు మీటలనే పనిచేయనిస్తారు. వాయించేది సాధారణంగా డ్రమ్ము వాద్యకారుడే.

మిత్రులారా, దాన్ని మూడుసార్లు వినండి. మొదట మీటల దరువు, తరువాత పంక్తి చివరి గంట, ఆపైన వయొలిన్లు. గంట ఎప్పుడు మోగేదీ ముందే తెలిసిపోతే లయ పట్టుబడినట్లే.

మేష్టారికి వినిపిద్దామనుకున్నాను. అప్పటికే ఆయన లేరు. మీ గురువులుండగానే వారి మాట చెవిని వేసుకోండి.