చెట్టు కాపుకు వచ్చేదాకా పాడి
(సంఘ సభ్యులకు పాఠం)

పెదవేగి, ద్వారకా తిరుమల వైపు మెట్ట గ్రామాలలో సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "ఉన్న రెండెకరాలూ పామాయిల్ వేస్తున్నామండి, ఇక గేదెలెందుకు? అమ్మేద్దామా?" అమ్మవద్దనియే నా సలహా.

పామాయిల్ మొక్కలను 9 మీటర్ల ఎడంతో ముక్కోణపు పద్ధతిలో నాటినచో ఎకరాకు సుమారు 57 పట్టును. గెల చేతికి వచ్చుటకు మూడు, నాలుగేళ్ళు కావలెను. పొడుగు రకం కొబ్బరికి ఆరేడేళ్ళు. అంతవరకు పిల్లల ఫీజులు, ఎరువుల బాకీలు ఆగవు గదా! ఆ కాలమంతా ఇల్లు గడిపేది పాల బిల్లే. పైగా మొదటి మూడేళ్ళు వరుసల మధ్య నేల ఖాళీగానే ఉండును. మొక్క చుట్టూ పళ్ళెం విడిచి, మిగతా నేలలో పశుగ్రాసపు జొన్న, అలసంద చల్లుకొనవచ్చును. గడ్డి కోసి తెచ్చి వేయవలెనేగాని పశువును తోటలోకి తోలరాదు. లేత మొవ్వు కొరికిన మొక్క తిరిగి కోలుకొనదు.

చెట్లు వేసితిమి గనుక వాతావరణపు దెబ్బ తగలదని అనుకొనరాదు. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరి తోటలకు తోటలే నేలకూలినవి. కూలినచోట కొత్త మొక్క నాటి మరల అన్నేళ్ళూ కాచుకొనవలసినదే. పామాయిల్ సంగతి వేరు. దానికి ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావలెను. అనగా ఎకరాకు పదకొండు వేల లీటర్ల పైమాటే. మీ బోరు మే నెలలో అంత పోయగలదా? ఈ లెక్క చూచుకొనకుండా రెండెకరాలూ ఒకే పంటకు ఇచ్చుట నాకు నచ్చదు. కోసిన గెల 24 గంటలలో ఫ్యాక్టరీకి చేరవలెను. గాలివానకు రోడ్డు తెగినచో నష్టం రైతుదే.

కొల్లేటి లంక గ్రామాలవారికి పామాయిల్ మాటే వద్దు, నీరు నిలిచే నేల దానికి పనికిరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చివరకు చేరినది కొల్లేటికే. అక్కడ మెరక గట్ల మీద కొబ్బరి, పల్లంలో పారా గడ్డి మేలు. వరి గడ్డివామిని ఎత్తు దిమ్మె మీద వేయుడు. తడిసి బూజుపట్టిన గడ్డి పశువుకు వేయరాదు. గట్లపై అవిశ కూడ వేసుకొనవచ్చును, ఆకు పశువులు ఇష్టంగా తినును, కాని గట్టిగాలికి విరిగే చెట్టు అది. సుబాబుల్ ఆకు పచ్చిమేతలో మూడవ వంతు మించరాదు, ఎక్కువైన పశువుకు హాని.

ఎదిగిన కొబ్బరి తోటలో నీడకు ఓర్చే గినీ గడ్డి, కోకో రెండూ పండును. గేదెలున్నవారు కొంత భాగమైనా గడ్డికి ఉంచవలెను. కోకో, కొబ్బరి రకాలపై సలహాకు తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, పామాయిల్‌కు పెదవేగి పరిశోధన సంస్థ దగ్గరలోనే ఉన్నవి. మొక్కలు కొనకముందే వెళ్ళుడు.

ఇక పాడి రైతు మరువరాని సంగతి పెంటకుప్ప. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అందులోనే. కుప్పను తోటకు దూరంగా ఉంచి, రెండు నెలలకొకసారి తిరగవేసి, తెల్లని లావుపాటి పిల్ల పురుగులను ఏరి చంపవలెను. కోళ్ళు ఉన్న ఇంట ఈ పని సగం అవే చేసిపెట్టును.