ఎలుక అడుగులు, మెదడు తాళం

అల్జీమర్స్ మొదలవుతున్న కొందరు పెద్దలు రోజూ తిరిగే వీధిలోనే దారి తప్పుతారు. పేర్లు మరవడం కంటే ఇదే ఇంట్లోవాళ్లను ఎక్కువగా భయపెడుతుంది. ఈ వ్యాధి తొలిదశలోనే దెబ్బతీసే భాగాల్లో హిప్పోకాంపస్, దాన్ని ఆనుకుని ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్ ఉన్నాయి. 'నేనిప్పుడు ఎక్కడున్నాను' అనే లెక్క చాలావరకు అక్కడే జరుగుతుంది.

ఆ లెక్క గుట్టు ముందుగా ఎలుకల్లో బయటపడింది. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ ఎలుక హిప్పోకాంపస్‌లో కొన్ని విచిత్రమైన న్యూరాన్లను గుర్తించారు. ఎలుక ఒక నిర్దిష్టమైన చోటికి రాగానే అలాంటి న్యూరాన్ టపటపా విద్యుత్ సంకేతాలు పంపుతుంది. ఆ చోటు దాటగానే మళ్లీ నిశ్శబ్దం. వీటికి ప్లేస్ సెల్స్ అని పేరు.

అదే చోట వేల న్యూరాన్లు కలిసి పుట్టించే ఒక అల కూడా ఉంటుంది. ఎలుక నడుస్తున్నంతసేపూ అది సెకనుకు సుమారు 8 సార్లు లేచి పడుతుంది. ఇదే థీటా లయ. ఎలుక ఆగి తిండి తింటుంటే చాలావరకు తగ్గిపోతుంది.

ఈ రెండింటి సంబంధం 1993లో తేలింది. ఓకీఫ్, మైకేల్ రెక్సీ చూసిందేమిటంటే, ఎలుక ఆ చోటులోకి అడుగుపెట్టినప్పుడు న్యూరాన్ సంకేతం అల చివర్లో పడుతుంది. ముందుకు సాగేకొద్దీ ప్రతి అలలోనూ కాస్త ముందుగా పడుతుంది. భజనలో తాళాలు ఒకే లయలో మోగుతుంటే, డోలక్ దెబ్బ ప్రతిసారీ కాస్త ముందుకు జరుగుతున్నట్టన్నమాట. పాడేవాళ్లకు చిరాకే గానీ, ఇక్కడ ఆ జరుగుదలలోనే సమాచారం ఉంది. సంకేతాల సంఖ్య మాత్రమే లెక్కిస్తే ఎలుక ఆ చోటికి వస్తోందో, దాటిపోతోందో తేలదు. రెండు అంచుల్లోనూ సంఖ్య తక్కువే. సంకేతం పడిన సమయం చూస్తే తేలిపోతుంది. పైగా ఒకే అలలో ముందు దాటిపోతున్న చోటి కణాలు, తర్వాత ఇప్పుడున్న చోటివి, చివరికి రాబోయే చోటివి వరసగా మోగుతాయి. పాదం ఇంకా పడని చోటు కూడా సెకనులో ఎనిమిదో వంతు కాలంలోనే మెదడులో మెదులుతుంది.

మరి ఈ తాళం అంత క్రమంగా ఉండాల్సిందేనా? గబ్బిలాలు కాదన్నాయి. వాటిలో థీటా ఎడతెగకుండా సాగదు, అప్పుడప్పుడు మాత్రమే కనిపిస్తుంది. అయినా దారి వెతకడంలో వాటికి లోటేమీ లేదు. వాటి న్యూరాన్లు క్రమం లేని అలలతోనే సంకేతాల సమయాన్ని జతకలుపుతాయని 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపారు. మనుషుల్లోనూ థీటా విడతలు విడతలుగానే వస్తుంది. చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన మూర్ఛ రోగులు కంప్యూటర్ తెరపై దారి వెతుకుతుండగా, ఎలుకల్లో చూసిన ఆ జరుగుదలే వాళ్ల న్యూరాన్లలోనూ కనిపించినట్టు 2021లో వెల్లడైంది.