పట్టా ఒకటి, కబ్జా ఒకటి: పాలస్తీనాకు యూరప్ గుర్తింపు



2025 సెప్టెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్ పాలస్తీనాను రాజ్యంగా గుర్తించాయి. ఆ మాట వినగానే ఎవరికైనా కలిగే సందేహం: "ఇక వాళ్లకు దేశం వచ్చినట్టేనా?"

దీనికి జవాబు మన మర్రిగూడ రైతుకు తెలుసు. పాత పహాణీలో పట్టాదారు పేరుకు ఒక కాలమ్, అనుభవదారు పేరుకు మరో కాలమ్ ఉండేవి. పట్టా ఒకరి పేరిట, భూమి ఇంకొకరి కబ్జాలో ఉండవచ్చు. పట్టా వచ్చినంత మాత్రాన కబ్జా తొలగదు. అలాగని పట్టా వట్టి కాగితమని ఏ రైతూ అనడు. రేపు దావా వేయాలంటే అదే ఆధారం. దేశాల గుర్తింపు కూడా ఇలాంటిదే.

రాజ్యానికి కావలసినవేమిటి?

1933 నాటి మాంటెవిడియో ఒడంబడిక నాలుగు లక్షణాలు చెప్పింది: స్థిరమైన జనాభా, నిర్దిష్టమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నెరిపే శక్తి. పాలస్తీనాకు హద్దులు తేలలేదు, పాలన పూర్తిగా చేతిలో లేదు, కనుక చర్చలు ముగిశాక గుర్తిస్తామని పశ్చిమ యూరప్ దేశాలు ఏళ్ల తరబడి చెప్పాయి. కాని హద్దులు తేలనివ్వనిదీ, పాలన చేతికి రానివ్వనిదీ ఆక్రమణే కదా! ఆ లోపాన్నే సాకుగా చూపితే లాభం ఎవరికి? ఆక్రమించినవారికే.

యూరప్ నడిచిన దారి

1917లో బాల్ఫోర్ ప్రకటన ద్వారా యూదుల జాతీయ నివాసానికి మద్దతు పలికిన బ్రిటన్, పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించడానికి 108 ఏళ్లు పట్టింది. 1980లో వెనిస్‌లో సమావేశమైన తొమ్మిది యూరప్ దేశాలు పాలస్తీనీయుల స్వయం నిర్ణయ హక్కును ఒప్పుకున్నాయి. 1988లో పాలస్తీనా స్వాతంత్ర్య ప్రకటన వెలువడగానే తూర్పు యూరప్ దేశాలు పలు గుర్తింపునిచ్చాయి. స్వీడన్ 2014లో, స్పెయిన్, ఐర్లాండ్, నార్వే 2024 మేలో గుర్తించాయి. 2025 చివరినాటికి కూడా జర్మనీ, ఇటలీ గుర్తించలేదు. యూరోపియన్ యూనియన్‌లో ఈ నిర్ణయం ఏ దేశానికా దేశం తీసుకునేదే.

మన దేశం 1988 నవంబరులోనే గుర్తించింది. అప్పటి విదేశాంగ మంత్రి కరీంనగర్ ప్రాంతపు వంగరకు చెందిన పి.వి. నరసింహారావు. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పినప్పుడు ప్రధాని కూడా ఆయనే. ఒకరి ఉనికిని ఒప్పుకోవడమంటే మరొకరిని కాదనడం కాదు. 1993లో పి.ఎల్.ఓ. ఇజ్రాయెల్ రాజ్యాన్ని గుర్తించింది. బదులుగా ఇజ్రాయెల్ పి.ఎల్.ఓ.ను పాలస్తీనీయుల ప్రతినిధిగా గుర్తించిందే తప్ప వారి రాజ్యాన్ని గుర్తించలేదు. లోటు ఎక్కడుందో ఇక్కడే తెలుస్తుంది.

గుర్తింపుతో ఏం మారుతుంది?

ప్రతినిధి కార్యాలయం రాయబార కార్యాలయం కాగలదు. రెండు రాజ్యాలుగా ఒప్పందాలు చేసుకోవచ్చు. కాని ఒక్క చెక్‌పోస్టు కూడా దానంతటది తొలగిపోదు. పాలస్తీనా ఆక్రమిత ప్రాంతాల్లో ఇజ్రాయెల్ కొనసాగడం చట్టవిరుద్ధమని, దానికి ఏ దేశమూ తోడ్పడరాదని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలైలో అభిప్రాయం తెలిపింది. ఇజ్రాయెల్‌కు అతిపెద్ద వాణిజ్య భాగస్వామి యూరోపియన్ యూనియనే. కనుక పాలస్తీనాను గుర్తించిన దేశాలకు అసలు పరీక్ష వాణిజ్యంలోనే ఎదురవుతుంది.

సోదర సోదరీమణులారా! గవాహీని దాచడం పాపమని మనం పిల్లలకు నేర్పుతాం. గుర్తింపు కూడా ఒక గవాహీయే. ఆలస్యంగా చెప్పినా అది విలువైనదే. అయితే "ఈ పొలం వీరిదే" అని సాక్ష్యం చెప్పి, ఆ పొలంలోని పంటను కబ్జాదారు దగ్గర కొనేవాడి మాటకు బలమెక్కడిది?

పిల్లలు అడిగితే "దేశం వచ్చేసింది" అని సంబరంగా చెప్పవద్దు, "అంతా వట్టిదే" అని కొట్టిపారేయవద్దు. పట్టా దక్కింది, కబ్జా తొలగలేదు అని ఉన్నదున్నట్టు చెప్పండి. న్యాయం కోరేవారు ముందుగా మాటలో న్యాయంగా ఉండాలి.