విదురుని హెచ్చరిక

దుర్యోధనుడు పుట్టినపుడు నక్కలు కూసెను. దుశ్శకునములు పెక్కు తోచెను. ఈ శిశువువలన కులక్షయమగును, కులరక్షణమునకై వీని నొక్కని విడువుమని విదురుడును విప్రులును ధృతరాష్ట్రునకు చెప్పిరి. పుత్రస్నేహముచే ఆతడు వినడయ్యెను. ఇది భారతము ఆదిపర్వములోని కథ.

రాబోవు కీడు నెరిగినవాని చిక్కు ఇచటనే కలదు. విదురుడు చెప్పక యూరకుండినచో కులద్రోహము. చెప్పినచో, ఏ పాపమును చేయని పసికందునకు దండన కోరినట్లగును. ఆనాడే విడిచియుండిన బాగుండెడిదని పురాణశ్రవణము చేయువారు కొంద రందురు. అది తొందరపాటు మాట. ఏ తండ్రి విడుచును?

ధృతరాష్ట్రుని దోషము పురిటింట లేదు, ద్యూతసభలో నున్నది. అప్పటికి దుర్యోధనుడు శిశువు కాడు. కీడును గ్రహించుటకు నక్కల కూతతో పనియు లేదు. జూదము వలదని విదురుడు మరల వేడెను. ద్రౌపదిని పణమొడ్డినపుడు, గెలిచితిమా యని గ్రుడ్డిరాజు సంతోషముతో మాటిమాటికి నడిగెను.