కొంకణ్ తీరం ఎట్లా పుట్టింది?



పోయిన నెల మా స్టడీ సర్కిల్‌లో ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, పరశురాముడు గొడ్డలి విసిరితే సముద్రం వెనక్కి పోయి కొంకణ్ నేల బయటపడిందంటరు. మరి సైన్స్ ఏమంటది?" అదంతా కట్టుకథ అని ఒక్క మాటలో కొట్టేసిన. ఇంటికొచ్చినంక నాకే తప్పనిపించింది. ఒక కథను కాదన్నప్పుడు అసలు జరిగిందేమిటో కూడా చెప్పాలి కదా. పైగా అది ఉత్త కథ కాదు. సముద్రం ఇచ్చిన నేలను పరశురాముడు బ్రాహ్మణులకు దానం చేసిండని కూడా అందులోనే ఉంటది. అంటే కథ రూపంలో ఉన్న పట్టా కాగితం అన్నమాట. నేను చదివింది బి.ఎ. అయినా కూర్చొని చదివితే అర్థమైంది, మీకూ అవుతుంది.

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉండి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటుంది. ఒక ఖండం కింద పలక రెండు వైపులకూ సాగిందనుకోండి, అది పలచబడుతుంది. అడుగున ఉన్న వేడి రాయి పైకి లేస్తుంది. ఇక్కడొక చిత్రం ఉంది. ఆ రాయి కరగడానికి కొత్తగా మంట అక్కర్లేదు, మీద బరువు తగ్గితే చాలు. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు నూరు డిగ్రీలు దాటినా కుతకుతలాడవు, ఆవిరి ఒక్కసారి వదిలితే వెంటనే మరుగుతాయి. ఇదీ అట్లాంటిదే. అట్లా కరిగిన రాయి పగుళ్లలోంచి లావాగా పొంగి, ఖండం అంచు మీద పొరలు పొరలుగా పరుచుకుంటుంది. చివరికి ఖండం విడిపోతుంది, మధ్యలోకి సముద్రం వస్తుంది. అగ్నిపర్వతాలతో చీలిన ఖండపు అంచు అంటే ఇదే. గ్రీన్‌లాండ్, నార్వే విడిపోయింది ఇట్లాగే. మన పడమటి తీరం కూడా ఈ జాతిదే.

సుమారు 6.6 కోట్ల ఏండ్ల కింద దక్కన్‌లో లావా పొంగింది. ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి మిగిలి ఉంది. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా అందులో సగం కంటే కొంచెమే ఎక్కువ. ఆదిలాబాద్ పత్తి చేన్లలోని నల్లరేగడి చాలామటుకు ఆ రాయి అరిగి అయిన మట్టే. రాజమండ్రి దగ్గర కాతేరులో దొరికే నల్లరాయి కూర్పు మహాబలేశ్వరం లావాతో సరిపోలింది. పడమటి కనుమల దిక్కు నుంచి అంత దూరం లావా పారిందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

మరి విడిపోయిన ముక్క ఏది? సీషెల్స్ దీవులు. ఇప్పుడవి ముంబైకి మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. నడి సముద్రంలో ఉన్న దీవులు మామూలుగా లావాతో అయినవో, పగడాలతో అయినవో ఉంటాయి. సీషెల్స్‌లో పెద్ద దీవి మాహే మాత్రం గ్రానైట్. వయసు 75 కోట్ల ఏండ్లు. అది ఖండానికి చెందిన రాయి, రాజస్థాన్‌లోని మలానీ రాళ్లకు చుట్టం. పక్కనే ఉన్న సిలువెట్ దీవి రాయికి సుమారు 6.3 కోట్ల ఏండ్లు. మన దగ్గర లావా పొంగిన కొద్ది కాలానికే (భూమి లెక్కలో కొద్ది కాలమే) తెగిపోయిందన్నమాట. అంతకుముందే, 9 కోట్ల ఏండ్ల కింద, మడగాస్కర్ విడిపోయి ఉంది. అడుగు నుంచి వేడి తన్నుకొచ్చి చీల్చిందా, చీలిక వచ్చినంక వేడి పైకి లేచిందా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా తెగలేదు. తెగనిదాన్ని తెగలేదని చెప్పుకోవడం వాళ్లకు సిగ్గు కాదు.

సాక్ష్యం కావాలంటే పన్వేల్ వైపు చూడండి. కనుమల మీద చదునుగా, మెట్లు మెట్లుగా ఉన్న లావా పొరలు అక్కడికొచ్చేసరికి సముద్రం వైపు వాలిపోతాయి. ఖండం తెగిన చోట అంచు కుంగింది కాబట్టి అట్లా వాలినాయి. తీరం పొడుగునా నిలువు గోడల్లాంటి రాతి చారలు కూడా ఉంటాయి. లావా ఎగదన్నిన పగుళ్లు అవే.

బాబాసాహెబ్ 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు తాగిన మహాడ్ ఈ కొంకణ్‌లోనే, ఈ నల్లరాతి మీదనే ఉంది. ఆ ఊరి పక్కన గంధార్‌పాలే బౌద్ధ గుహలు తొలిచింది కూడా ఈ రాయిలోనే. అజంతా, కార్లే గుహలూ అంతే. అజంతాకు రెండుసార్లు పోయి బొమ్మలే చూసొచ్చిన గానీ రాయిని చూడలేదు నేను. ఈసారి పోయేటోళ్లు వాగు అవతలి గట్టు మీద నిలబడి కొండను చూడండి. అడ్డంగా గీతలు కనబడతాయి. ఒక్కో గీత ఒక లావా పొర అంచు. కింది నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. ఎన్ని దొరికినయో వచ్చే క్లాసులో చెప్పండి.