మోంటానా గుర్రాలామె

చెల్లీ, ఈసారి నీకు ఫ్యానీ స్పెర్రీ స్టీల్ ముచ్చట చెప్పాలని ఉంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రం, హెలెనా పట్నానికి ఉత్తరాన కొండల మధ్య పశువుల్ని సాకే కుటుంబంలో 1887లో పుట్టింది. గుర్రపు స్వారీలో ప్రపంచ చాంపియన్ అనిపించుకున్న మనిషి. ఎవరు రాసినా ఆ గెలుపు గురించే రాస్తారు. నా మనసు మాత్రం ఆ తర్వాతి యాభై ఏళ్ల మీదే ఉంది.

ముందు తల్లి రేచెల్ సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో పిల్లలకు గుర్రం నేర్పింది ఆవిడే. ఆడపిల్లలకు ఒక లెక్క, మగపిల్లలకు ఒక లెక్క లేదు. కింద పడితే మళ్లీ ఎక్కించేది, అంతే. ఆ కొండల్లో మంద వెనక తిరగాలన్నా, తప్పిపోయిన పశువును వెతకాలన్నా గుర్రం లేందే గడవదు మరి. ఫ్యానీకి మచ్చల గుర్రాలంటే ప్రాణం. ఆ ఇష్టం ఆమెను ముసలితనం దాకా వదల్లేదు.

రోడియో అంటే మనం సినిమాల్లో చూసిన అల్లరి కాదు. పొగరుబోతు గుర్రాన్ని లొంగదీయడం, పరుగెత్తే దూడకు తాడు వేయడం అక్కడి పశువుల కాపరులకు రోజూ ఉండే పనులే. ఆ పనిలో ఎవరి చెయ్యి గట్టిదో తేల్చుకుందామని మొదలైన పోటీ అది. 1912 సెప్టెంబరులో కెనడాలోని కాల్గరీలో స్టాంపీడ్ అనే పెద్ద రోడియో మొట్టమొదటిసారి జరిగింది. గై వెడిక్ అనే ప్రదర్శకుడి ఆలోచన, నలుగురు పెద్ద పశువుల ఆసాముల డబ్బు. ఇరవై అయిదేళ్ల ఫ్యానీకి ఫైనల్లో వచ్చిన గుర్రం పేరు రెడ్ వింగ్. కొద్దిరోజుల కిందటే అది ఒక రౌతును కింద పడేసి తొక్కి చంపింది. ఆ సంగతి తెలిసే ఎక్కింది. గెలిచింది. వెయ్యి డాలర్లు, ఒక జీను, బంగారు బకిల్, ప్రపంచ చాంపియన్ బిరుదు ఇచ్చారు.

ఇక్కడొక విషయం ఆగి చెప్పాలి. అప్పట్లో ఆడవాళ్లు స్వారీ చేసేటప్పుడు రెండు రికాబులనూ గుర్రం కడుపు కింద నుంచి తాడుతో కలిపి కట్టుకోవచ్చనేవారు. అలా కడితే కాళ్లకు పట్టు దొరుకుతుంది, ఎగిరిపడకుండా కూర్చోవచ్చు. కానీ గుర్రం పడితే కాలు బయటికి రాదు. ఫ్యానీ ఎప్పుడూ కట్టించుకోలేదు, మగవాళ్లు ఎక్కినట్టే ఎక్కింది. 1929లో ఓరెగాన్‌లోని పెండిల్టన్ పోటీల్లో బానీ మెకారల్ అనే ఆమె అలా కట్టిన రికాబుతో గుర్రం కింద పడి, కాలు ఇరుక్కుని, కొన్నాళ్లకు ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. ఆ తర్వాత అక్కడ ఆడవాళ్లు పొగరుబోతు గుర్రాలెక్కే పోటీనే తీసేశారు. తీసేయాల్సింది ఆ తాడును కదా! మిగతా చోట్లా మెల్లగా ఆడవాళ్లకు తలుపులు మూసుకుపోయాయి. 1948లో టెక్సస్‌లోని శాన్ ఏంజెలోలో 38 మంది ఆడవాళ్లు కూర్చుని సొంతంగా సంఘం పెట్టుకున్నాకే, పీపాల చుట్టూ గుర్రాన్ని తోలే బ్యారెల్ రేసు లాంటి పోటీలకు ఒక పద్ధతి, ఒక గౌరవం వచ్చాయి.

ఫ్యానీ 1913లో బిల్ స్టీల్‌ను పెళ్లాడింది. ఆయనా రోడియో మనిషే. ఇద్దరూ కలిసి ఊరూరా ప్రదర్శనలిచ్చారు. ఆయన నోట్లో పెట్టుకున్న చుట్ట బూడిదను ఈమె తుపాకితో ఎగరగొట్టేది. నమ్మకం అంటే అదీ! చివరికి బ్లాక్‌ఫుట్ లోయలో రాంచ్ పెట్టుకుని, వేటకు వచ్చే అతిథులను గుర్రాల మీద అడవిలోకి తీసుకెళ్లేవారు. మోంటానాలో అలాంటి గైడ్ లైసెన్సు తీసుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు.

1940లో బిల్ పోయాడు. అప్పుడు ఆమెకు యాభై మూడేళ్లు. రాంచ్ అమ్మేసి పట్నానికి వెళ్లిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. వెళ్లలేదు. ఇంకో పాతికేళ్లు ఒంటరిగా నడిపింది. మోంటానా చలికాలం అంటే మాటలా? ఆ మంచులోనూ పొద్దున్నే మేత వేయాలి, గడ్డకట్టిన నీళ్లు పగలగొట్టి గుర్రాలకు పెట్టాలి. చప్పట్లు లేవు, బకిళ్లు లేవు. రెడ్ వింగ్ మీద గడిపిన క్షణాల కన్నా నాకు ఈ పాతికేళ్లే పెద్దవిగా కనిపిస్తాయి. 1965లో, డెబ్భై ఎనిమిదేళ్ల వయసులోగానీ ఆ పని వదల్లేదు. 1975లో రోడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో, 1978లో కౌగర్ల్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. 1983లో, తొంభై అయిదేళ్లకు కన్నుమూసింది.

ఒంటరిగా అన్నానని ఆ బతుకులో ఇరుగుపొరుగు లేరనుకోకు. వసంతంలో దూడలకు ముద్రలు వేసే రోజుల్లో చుట్టుపక్కల రాంచ్‌ల వాళ్లంతా ఒకచోటికి వస్తారు. ఇవాళ వీళ్ల మంద, రేపు వాళ్ల మంద. మనూళ్లలో నాట్లకు ఒకరి పొలానికొకరు బదులు వెళ్లినట్టే. తాడు వేసేవాళ్లు, పట్టుకునేవాళ్లు, ముద్ర వేసేవాళ్లు, మందు సూది వేసేవాళ్లు, అందరికీ వండిపెట్టేవాళ్లు. కూలి డబ్బుల లెక్క ఉండదు. పిల్లలు పని నేర్చుకునేది కూడా అక్కడే. ఇప్పటికీ ఈ పద్ధతి నడుస్తోంది.

రోడియో నీ కళ్లతో చూడాలనిపిస్తే టెక్సస్‌లోని హ్యూస్టన్‌కు వెళ్లు. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు, నీకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. అక్కడ ఏటా మార్చి నెలలో పెద్ద రోడియో, పశువుల ప్రదర్శన జరుగుతాయి. వేలమంది స్వచ్ఛందంగా పనిచేస్తారు. వచ్చిన డబ్బులోంచి పిల్లల కాలేజీ చదువులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. దూడను తాడేసి పడేసే పోటీ మాత్రం నాకు మింగుడుపడదు, అది వచ్చినప్పుడు లేచి పశువుల షెడ్ల వైపు వెళ్లు. అక్కడ బ్రాహ్మన్ జాతి కనిపిస్తుంది, మూపురం, వేలాడే గంగడోలు, పెద్ద చెవులు. ఆ జాతిని తయారుచేయడానికి మన దేశం నుంచి వెళ్లిన గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ పశువులతోపాటు మన ఒంగోలు రక్తం కూడా కలిసింది. వాళ్లు దాన్ని నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. రోడియోలో ఎగిరి దూకే ఎద్దుల్లో చాలావాటికి ఈ బ్రాహ్మన్ పోలికలుంటాయి. పిల్లలను తీసుకెళ్లి ఆ మూపురాలు చూపించు. తర్వాత బ్యారెల్ రేసుకు ముందు వరుసలో కూర్చో. మూడు పీపాల చుట్టూ తిరిగి ఆ అమ్మాయిలు గుర్రాల్ని తోలుకొచ్చే తీరు చూసి నాకు ఉత్తరం రాయి.